వనజీవి ఇంటికి అభినందన

1950 జూలైలో కేంద్ర వ్యవసాయ, ఆహార శాఖల మంత్రిగా ఉన్న కె.ఎం. మున్షీ వనమహోత్సవానికి శ్రీకారం చుట్టారు. 2025 జూలైతో ఆ పండుగకు 75 ఏళ్లు నిండాయి. ఈ వేడుక వేళ ఎవరిని తలుచుకోవాలని అడిగితే ఖమ్మం జిల్లాలో రెండో మాట లేకుండా చెప్పే పేరు దరిపల్లి రామయ్య. ఇంటిపేరుతో చెబితే తడుముకునేవాళ్లు కూడా వనజీవి రామయ్య అనగానే గుర్తుపడతారు. మెడలో గుండ్రటి బోర్డు, దాని మీద చెట్టును కాపాడితే అది మనల్ని కాపాడుతుందన్న మాట, పక్కన సైకిలు, సైకిలుకు గింజల సంచి. మనిషి కళ్ల ముందు నిలబడతారు.

2025 ఏప్రిల్ 12న ఆయన కన్నుమూశారు. ఆయన లేకుండా వచ్చిన తొలి వనమహోత్సవం ఆ ఏడాదిదే. అయినా పండుగ పూట సంతాపం రాయడానికి మనసొప్పలేదు. ఎనభై దాటిన ఒంటితోనూ మొక్కలకు నీళ్లు పోయడానికి బయల్దేరిన మనిషికి అభినందనే తగిన కానుక. ఆ అభినందనలో సగం ఆయన భార్య జానమ్మ గారిది. ఇది మర్యాద కోసం అంటున్న మాట కాదు. ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లిలోని ఆ ఇల్లు ఎలా నడిచిందో తెలిసినవాళ్లెవరైనా ఇదే చెబుతారు.

మొక్క నాటడం అందరూ చూసే పని. దాని వెనుక ఎవరూ చూడని చాకిరీ ఎంత ఉంటుందో ఆ దంపతులకు తెలుసు. కానుగ కాయలు ఎండల్లోనే రాలుతాయి. చింత గింజలు ఏరి పెట్టుకుంటే కొంతకాలం నిలవ ఉంటాయి. వేప అలా కాదు. తొలకరి ముందూ వెనుకా పండు రాలుతుంది, గింజలో జీవం కొద్ది వారాలే నిలుస్తుంది. ఏరిన గింజను గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి వెంటనే మట్టిలో వేయకపోతే ఆ ఏడాది పని వృథా. ఎర్రచందనం కాయ గట్టిది, తొందరగా మొలవదు, నానబెట్టి ఓపికగా చూడాలి. రావి, మర్రి గింజలైతే నలుసంత ఉంటాయి. చిన్నప్పుడు తల్లి మరుసటి ఏటి కోసం గింజలు దాచడం చూసి రామయ్య గారికి ఈ ధ్యాస అబ్బిందంటారు. పెద్ద చదువులు లేకపోయినా చెట్ల గురించి దొరికిందల్లా చదివారు. గింజలు ఏరడానికీ నాటడానికీ జానమ్మ గారు ఆయన వెంటే నడిచారు.

కాలువ గట్లు, రోడ్ల పక్కలు, బడి ఆవరణలు, గుడి చుట్టూ ఖాళీ జాగాలు, ఎక్కడ బోసిగా కనిపిస్తే అక్కడ వాళ్లు ఆగారు. కోటికి పైగా మొక్కలు నాటారని లోకం లెక్క చెబుతుంది. ఆ అంకె గొప్పదే. అయితే నాకు దానికంటే పెద్దగా కనిపించేది ఉన్న మూడెకరాల పొలమూ విత్తనాలకూ మొక్కలకూ అమ్ముకున్నారన్న మాట. ఊళ్లో మూడెకరాలంటే ఏమిటో పల్లెలో పుట్టినవాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. పిల్లల పెళ్లిళ్లు, ముసలితనపు ధీమా, నలుగురిలో మాట చెల్లుబడి అన్నీ అందులోనే ఉంటాయి. భర్త అలాంటి పొలం వదులుకుంటుంటే తోడు నిలవడం, ఆ తర్వాత కూడా ఆయనతో గింజలు ఏరడానికి వెళ్లడం మాటలు కాదు. పేరు ఆయనకు దక్కింది, గుండె నిబ్బరం ఆమెది కూడా.

సమాజ సేవలో పడినవాళ్లు ఇల్లు పట్టించుకోరన్న మాట మనలో తరచూ వినిపిస్తుంది. చాలాసార్లు అది నిజమే కూడా. రామయ్య గారు మాత్రం ఇంటినీ సేవనూ విడదీయలేదు. రేకు ముక్క దొరికినా, పాత డబ్బా మూత దొరికినా దాని మీద రంగుతో చెట్ల గురించి నాలుగు మాటలు రాసి పెట్టేవారు. మనవలకూ మనవరాళ్లకూ చెట్ల పేర్లు, పూల పేర్లు కలిసొచ్చేలా పెట్టుకున్నారు. పెళ్లికి వెళ్తే మొక్కే చదివింపు. పిల్లల్ని పేరు పెట్టి పిలిచిన ప్రతిసారీ ఒక చెట్టును తలుచుకునే కుటుంబం ఎంత ముచ్చటైనది!

2017లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్రపతి భవన్‌లో ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా అందుకుని తిరిగొచ్చాక కూడా ఆయన దినచర్య మారలేదు. అయిదేళ్ల తర్వాత రోడ్డు దాటుతుండగా ఒక మోటారు సైకిలు ఢీకొని ఆయన గాయపడ్డారు. ఆ బండి నడిపిన వ్యక్తి మీద కేసు వద్దని, అతని చేత వంద మొక్కలు నాటించమని కోరారు. నొప్పితో మంచం మీద ఉన్న మనిషి నోట వచ్చిన మాట అది. క్షమ గురించి ఎన్నో ప్రవచనాలు విన్నాం గానీ, క్షమించి పని అప్పజెప్పిన ఇలాంటి తీర్పు అరుదు.

ఇక ప్రభుత్వం సంగతి చూస్తే, తెలంగాణలో 2015 జూలైలో హరితహారం అనే మొక్కల పెంపకం కార్యక్రమం మొదలైంది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి తేవాలన్నది అప్పటి లక్ష్యం. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, ఆ బాధ్యత సర్పంచిది, పంచాయతీ కార్యదర్శిది అని రాసింది. మంచి చట్టమే. నాటడం కన్నా బతికించడం కష్టమని ప్రభుత్వం ఒప్పుకున్నందుకు సంతోషం. ఏ చట్టమూ అడగకముందే, ఏ బిల్లూ రాకముందే ఆ బాధ్యతను నెత్తిన వేసుకున్న ఇల్లు రెడ్డిపల్లిలో ఉంది.

అందుకే ఈ 75 ఏళ్ల పండుగకు ఒక చిన్న ఏర్పాటు కోరుతున్నాను. వనమహోత్సవంలో మొక్కలు నాటే ప్రతి ఊళ్లో, నాటిన పెద్దమనిషి పేరు పక్కనే, వచ్చే రోహిణి కార్తె దాకా ఆ మొక్కకు నీళ్లు పోసే కుటుంబం పేరు కూడా రాయండి. భార్యాభర్తల పేర్లు రెండూ రాయండి. ఏడాది తర్వాత మొక్క బతికి ఉంటే ఆ దంపతులను పిలిచి శాలువా కప్పండి.

జానమ్మ గారూ, మీకూ, మీ పిల్లలకూ, చెట్ల పేర్లతో పెరుగుతున్న మీ మనవలకూ మనవరాళ్లకూ వనమహోత్సవ అభినందనలు. మీరూ రామయ్య గారూ కలిసి చేసిన పనికి ఈ జిల్లా రుణపడి ఉంది.