పద్దు పుస్తకంలో పక్షులు: సలీం అలీ జీవితం

ఉదయగిరి, ఆత్మకూరు వైపు వెలిగొండల అడవుల్లో ఏ పక్షి ఎక్కడ ఉందో ఇవాళ రాసి పెడుతున్నారంటే, ఆ అలవాటు వెనక ఒక ముస్లిం పెద్దాయన కష్టం ఉంది. ఆయనే సలీం అలీ.

1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. చిన్నప్పుడే అమ్మానాన్న పోయారు. యతీంగా మిగిలిన పిల్లాణ్ణి మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారు. ఒకరోజు ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అదేం పిట్టో తెలుసుకోవాలని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లారు. జీవితం అక్కడే మలుపు తిరిగింది.

డిగ్రీ పూర్తి కాలేదు. కొన్నాళ్లు బర్మాలో ఉండి వచ్చి అకౌంట్స్ చదివారు. మ్యూజియంలో దొరికిన ఉద్యోగం కూడా, జర్మనీలో శిక్షణ పొంది వచ్చేసరికి డబ్బుల్లేక రద్దయింది. అయినా వెనక్కి తగ్గలేదు. సంస్థానాలు ఖర్చులు భరిస్తే చాలు, జీతం లేకుండా పక్షుల సర్వే చేస్తానన్నారు. అలా 1931-32లో నిజాం రాజ్యంలో సర్వే జరిగింది. భార్య తహ్మీనా క్యాంపుల్లో తోడున్నారు. 1939లో ఆమె చనిపోవడం ఆయనకు పెద్ద దెబ్బ. 1941లో భారతదేశపు పక్షుల మీద ఆయన పుస్తకం వచ్చింది.

ఏ పక్షి, ఏ చోట, ఏ తేదీన, ఎన్ని: పైసా పైసా ఖాతాలో ఎక్కించినట్టు రాసేవారు. 1959 నుంచి పక్షుల కాళ్లకు రింగులు తొడిగి వలస దారులు కూడా నమోదు చేయించారు. 1976లో పద్మవిభూషణ్ వచ్చింది.

ఆ లెక్కల విలువ మన పెన్నా లోయలోనే తేలింది. నెల్లూరులో డాక్టర్‌గా పనిచేసిన జెర్డాన్ పేరు మీదున్న కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. ఇక లేదనుకున్నారు. 1986లో ఆయన సొసైటీ పరిశోధకులు, ఊళ్లోని పక్షులు పట్టేవాళ్ల సాయంతో కడప జిల్లాలో దాన్ని మళ్లీ కనిపెట్టారు. అప్పటికి సలీం అలీకి 89 ఏళ్లు. మరుసటి ఏడాదే, 1987లో కన్నుమూశారు.

1988లో ఆ చోటు లంకమల్లేశ్వర అభయారణ్యమైంది. తర్వాత తెలుగుగంగ కాలువ పనులు ఆ పొదల దాకా వస్తే, రికార్డులు చూపించి దారి మార్పించగలిగారు. పద్దులో పక్షి లేకపోతే, అడగడానికి ఆధారమే ఉండేది కాదు.