మస్తిష్క తరంగములను కనుగొన్న హాన్స్ బెర్గర్

చేతి వేలు కదలకమునుపే ఆ కదలిక మెదడులో ఆరంభమవుతుంది. ఆ సంకేతమును గ్రహించి, ఏ వేలు ఎంత వంగుతున్నదో కంప్యూటరుచే చెప్పించు ప్రయత్నములు నేడు పెక్కు ప్రయోగశాలలలో సాగుతున్నవి. పక్షవాతమున చేతులు పడిపోయినవారికి ఇది ఎంతటి ఆశయో వేరుగా చెప్పనక్కరలేదు. మానవ మస్తిష్కపు విద్యుత్తును మొట్టమొదట నమోదు చేసి ఈ విద్యకు పునాది వేసిన జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ చరిత్రను ఇక్కడ స్మరింపదలచాము.

బెర్గర్ 1873 మే 21న కోబుర్గ్ సమీపమున జన్మించాడు. తండ్రి వైద్యుడు. తల్లి సుప్రసిద్ధ కవి ఫ్రీడ్రిఖ్ ర్యూకర్ట్ కుమార్తె. అరబ్బీ, పారశీక, సంస్కృత భాషలు నేర్చి, ఖురాన్‌లో చాలా భాగమును, హాఫిజ్ గజళ్లను, నలదమయంతుల కథను జర్మన్ భాషలోనికి తెచ్చిన మహనీయుడు ఆ ర్యూకర్టే. ఉర్దూ, తెలుగు రెండును వినవచ్చు మన కళాశాలలో ఈ బంధుత్వము ప్రీతికరముగా తోచకపోదు.

ఖగోళశాస్త్రము చదువవలెనని బయలుదేరిన ఈ యువకుడు నడుమ ఒక ఏడాది సైన్యములో చేరాడు. ఒకనాడు శిక్షణలో గుర్రము మీదనుండి పడి, ఫిరంగి బండి చక్రము క్రింద నలిగిపోవలసినవాడు వెంట్రుకవాసిలో బ్రతికాడు. ఆ సాయంకాలమే క్షేమము అడుగుతూ తండ్రి వద్దనుండి తంతి వచ్చింది. సోదరునికి ఏదో ఆపద వాటిల్లినదని ఇంటనున్న అక్క పట్టుబట్టి పంపించినదట! ఇది కేవలము యాదృచ్ఛికమని మేము తలుస్తాము. బెర్గర్ మాత్రము అట్లు తలచలేదు. మనస్సునకు కొలువదగిన శక్తి యేదో ఉన్నదని నమ్మి, వైద్యవిద్య అభ్యసించి, జేనా నగరములో ఆ శక్తికై దశాబ్దముల తరబడి వెదికాడు.

1924 జులై 6న, శస్త్రచికిత్సలో కపాలపు ఎముక కొంత తొలగింపబడిన పదునేడేండ్ల బాలునిపై తొలి నమోదు జరిగింది. వోల్టును లక్ష భాగములు చేసిన అందులో కొద్ది భాగములంత అల్పమైన విద్యుత్తు అది. యంత్రదోషమేమోనన్న సంశయముతో తన కుమారుని తలపై సైతము పరీక్షలు జరిపి, అయిదేండ్లు ఆగి, 1929లో ప్రకటించాడు. కన్నులు మూసినప్పుడు సెకనుకు ఇంచుమించు పది చొప్పున లేచు అలలు, కన్నులు తెరువగానే అణగిపోవుట ఆయన గుర్తించాడు. తోటివారు నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్‌లు ధ్రువపరచిన పిదపనే లోకము విన్నది.

మరొక సంగతి దాచరాదు. బెర్గర్ నాజీలచే పీడింపబడినవాడని చాలాకాలము వ్రాశారు. అది సరి కాదని తరువాతి పరిశోధనలలో తేలింది. బలవంతపు వంధ్యీకరణ అప్పీళ్లను విచారించు న్యాయస్థానములో ఆయన సభ్యుడుగా కూర్చుని అట్టి తీర్పులలో పాలుపంచుకొన్నాడు. రోగులకై జీవితము ధారపోసిన చేయియే ఆ తీర్పులకును ఒప్పుకొన్నది. 1938లో పదవీ విరమణ చేసి, తీవ్రమైన విషాదరోగమునకు లోనై, 1941 జూన్ 1న ప్రాణము తీసుకొన్నాడు.

ఇక వేళ్ల విషయము. 2008లో నడచిన ఒక అంతర్జాతీయ పోటీలో, మెదడు ఉపరితలముపై ఎలక్ట్రోడులు అమర్చబడిన ముగ్గురు మూర్ఛరోగుల సంకేతములను, వారి అయిదు వేళ్ల వంపుతో జతచేసి పరిశోధకులకు ఇచ్చారు. వేలు కదలునపుడు మందగతి లయలు అణగి, సెకనుకు డెబ్బదికి మించిన వేగవంతపు స్పందనలు హెచ్చుతాయి. యంత్రము ఈ జతలను చూచి నేర్చుకొని, మునుపు చూడని సంకేతమునుండి వంపును ఊహిస్తుంది. లయ అణగుట అన్నది కన్నులు తెరచినపుడు బెర్గర్ చూచినదానికి దగ్గరి చుట్టమే. అయితే వేళ్ల స్థానములు మెదడులో ఒకదానికొకటి ఆనుకొని ఉన్నందునను, కపాలము సంకేతమును మసకపరచుటవలనను, తల పైనుండియే అయిదు వేళ్లను విడివిడిగా గుర్తించుట ఇంకను కష్టముగానే ఉన్నది.