యంత్రవేది జి. డి. నాయుడు

తిరుపతి నుండి తిరుమలకు బండ్లు పోవు తొలి ఘాట్ రోడ్డు 1944వ సంవత్సరము ఏప్రిల్ నెలలో తెరువబడినది. దానికి ప్రారంభోత్సవము చేసినవాడు నాటి మదరాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్. అంతకు పూర్వము భక్తులు కాలినడకను, నడువలేనివారు డోలీలలోను కొండ నెక్కెడివారు. ఆ కాలపు బస్సులకు ఎత్తైన దారి కఠినపరీక్ష. ఇంజను వేడెక్కి రేడియేటరులోని నీరు సలసల కాగును. మూత క్రిందినుండి ఆవిరి చిమ్మును. డ్రైవరు బండిని ఒక ప్రక్కకు నిలిపి, ఇంజను చల్లారువరకు వేచియుండి, పిమ్మట నీరు పోయవలెను. తొందరపడి వేడిమీద మూత విప్పినచో మరుగునీరు ముఖముపై చిమ్మును.

అట్లు బండి యాగినపుడు ప్రయాణికులు రెండు తెగలుగా చీలుదురు. పలువురు దిగి చెట్టునీడను చేరుదురు. ఏ ఒకరిద్దరో డ్రైవరు చెంతకుపోయి, అతడు బానెట్టు ఎత్తి యేమి చేయుచున్నాడో తొంగిచూతురు. జి. డి. నాయుడుగారు ఈ రెండవ తెగకు చెందినవారు. ఒక బండి ప్రక్కన నిలిచి తొంగిచూచుటతోనే వారి జీవితమున ముఖ్యఘట్టము మొదలైనది.

వారి పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరునకు సమీపమునగల కలంగల్ అను పల్లెలో, ఒక రైతు కుటుంబమున జన్మించిరి. ఊరి భాష తమిళము, వారిది తెలుగు కుటుంబము. విజయనగర రాజుల కాలమునను, ఆ తరువాత నాయకరాజుల కాలమునను తెలుగుదేశమునుండి దక్షిణమునకు తరలి, కొంగునాటి నల్లరేగడి నేలలలో స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు కలవు. చిత్తూరు జిల్లా 1953లో ఆంధ్రరాష్ట్రమున చేరువరకు మదరాసు రాజధానిలోనిదే. కావున చిత్తూరువారికిని కోయంబత్తూరువారికిని చిరకాలము ప్రభుత్వ మొక్కటియే.

దొరస్వామికి పసితనముననే తల్లి చనిపోయెను. బడి యనిన అతనికి గిట్టదు. ఉపాధ్యాయులను విసిగించెడివాడు, తరగతినుండి పారిపోయెడివాడు. కొలది తరగతులతో అతని చదువు ఆగిపోయినది. ఈ సంగతి విని కొందరు బాలురు సంతోషింపవచ్చును. కాని దొరస్వామి మానినది బడిని మాత్రమే, చదువును కాదు. పొలము పనులు చూచుకొనుచు, తీరికవేళల పుస్తకములు తెప్పించుకొని తనంతట తానే చదువుకొనెను. బడిలో గురువు చేయింపగల శ్రమను తన చేత తానే చేయించుకొనుట మిక్కిలి కష్టమైన పని. ఎల్లరకు అది సాధ్యము కాదు.

అతడు యువకుడై యుండగా ఒకనాడు ఆ ప్రాంతమునకు ఒక ఆంగ్లేయ ఉద్యోగి మోటారు సైకిలుపై వచ్చెను. అది ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున తయారైన రడ్జ్ అను బండి. ఎడ్లు లేవు, గుఱ్ఱము లేదు, తొక్కుట లేదు. రెండు చక్రములపై మనుష్యుని కూర్చుండబెట్టుకొని ధూళి రేపుచు అది పరుగెత్తుచున్నది. ఊరివారికి అది వేడుక. వేడుక ఆ సాయంకాలముతో తీరిపోయినది. దొరస్వామికి మాత్రము ఆ బండి నిద్ర పట్టనీయలేదు. లోపల ఏమి జరుగుచున్నది? ఏది దానిని కదలించుచున్నది? ఈ ప్రశ్నలకు బదులు చెప్పగలవారు పల్లెలో లేరు. ఆ యంత్రము తన చేతికి వచ్చిన గాని తెలియదని అతడు నిశ్చయించుకొనెను.

అట్టి బండిని కొనుటకు కొన్ని వందల రూపాయలు కావలెను. ఆ దినములలో పల్లెటూరి రైతుబిడ్డకు అది సామాన్యమైన సొమ్ము కాదు. దొరస్వామి ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన చేయు పనికి కుదిరెను. ఎంగిలి విస్తళ్ల నడుమ తిరుగుచు, వచ్చిన జీతములో పైసా పైసా కూడబెట్టెను. ఇట్లు కొన్ని సంవత్సరములు గడచినవి. తగిన మొత్తము చేరినంతట అతడు పొలము కొనలేదు, ఇల్లు కట్టలేదు. రడ్జ్ మోటారు సైకిలు కొనెను.

కొన్న పిదప అతడు చేసిన పని చూచినవారికి వెఱ్ఱిగా తోచియుండును. ఆ బండిని నిలువున విప్పివేసెను.

ఇందలి సాహస మెట్టిదో యోచింపవలెను. ఆనాడు పల్లెలలో మోటారు షెడ్లు లేవు. పాడైన భాగమునకు బదులు భాగము కావలెననిన సముద్రముమీదుగా రావలెను. విప్పినదానిని మరల కూర్చలేకపోయినచో, ఏండ్ల తరబడి వడ్డనచేసి దాచిన ధనమంతయు ఇనుపముక్కల కుప్పయై మిగులును. విప్పుట యెవరికైనను చేతనగును. ఏ మర ఏ రంధ్రములోనిది, ఏ బిళ్ల దేని క్రిందిది, ఏ తీగ ఎచటికి పోవుచున్నది అను క్రమమును తప్పక గుర్తుంచుకొని, వెనుకటి వరుసలో మరల అమర్చుటలోనే విద్య యంతయు ఉన్నది. దొరస్వామి విప్పెను, తుడిచెను, పరిశీలించెను, మరల కూర్చెను. బండి నడచినది. ఆ దినమునుండి మోటారు అతనికి రహస్యము కాదు.

ఆ బండిలో నున్న ఇంజను ఒక్క సిలిండరు కలది. పెట్రోలు కార్బురేటరులో గాలితో కలిసి సిలిండరులోనికి పోవును. పిస్టను దానిని నొక్కును. మాగ్నెటో అను చిన్న యంత్రము విద్యుత్తును పుట్టించి స్పార్కు ప్లగ్గు కొనయందు నిప్పురవ్వ రాల్చును. ఆ రవ్వకు మిశ్రమ మంటుకొని పిస్టనును నెట్టును. ఇంతియే మర్మము. ఈ మర్మము తెలిసినవాడు ఆగిన బండిని చూచి బెదరడు. నిప్పురవ్వ వచ్చుచున్నదా, పెట్రోలు వచ్చుచున్నదా, గాలి ఆడుచున్నదా, నొక్కుడు సరిగా నున్నదా అని వరుసగా విచారించును. ప్లగ్గు కొనపై మసి పట్టినచో గీకి తుడుచును. పెట్రోలు రానిచో గొట్టమును ఊది చూచును. ఒక్కొక్కప్పుడు టాంకి మూతకుండు సన్నని గాలిరంధ్రము దుమ్ముతో పూడిపోయినంత మాత్రమున బండి నిలిచిపోవును. ఈ పరీక్షకు వరుస ముఖ్యము. వరుస లేక అన్నింటిని ఒక్కమారు కదిపినవాడు ఉన్న దోషమునకు తోడు రెండు కొత్త దోషములు తెచ్చిపెట్టుకొనును.

లోకమున తొలి దూరప్రయాణము చేసిన మోటారు కారుకథయు ఇట్టిదే. 1888వ సంవత్సరమున జర్మనీలో కారల్ బెంజ్ భార్య బెర్తా, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్త నిర్మించిన బండిలో మాన్‌హైము నుండి ప్ఫోర్ట్స్‌హైము వరకు సుమారు 100 కిలోమీటర్లు పోయెను. త్రోవలో ఇంధనపు గొట్టము పూడిపోగా టోపీకి గ్రుచ్చుకొను పిన్నుతో దానిని శుభ్రపరచెను. బ్రేకు దిమ్మలు అరిగిపోగా ఒక చెప్పులు కుట్టువానిచే వాటికి తోలు వేయించెను. మెకానిక్కు అను వృత్తి అప్పటికి పుట్టనే లేదు.

ఇక కోయంబత్తూరు కథకు వత్తము. దొరస్వామి నాయుడు తిరుప్పూరులో ప్రత్తి వ్యాపారము చేసి మొదటి ప్రపంచయుద్ధకాలమున మంచి లాభము గడించెను. ఆ సొమ్ముతో బొంబాయి పోయి అచటి పెద్ద వర్తకుల నడుమ వ్యాపారము చేయబూని, ఉన్నదంతయు పోగొట్టుకొని తిరిగివచ్చెను. ప్రత్తి ధరను విప్పి చూచుటకు స్పానరు లేదు గదా!

కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అను ఆంగ్లేయ వ్యాపారి ఉండెను. అతడు నాయుడుగారి సామర్థ్యమును గుర్తించి ఋణసహాయము చేసెను. 1920వ సంవత్సరమున నాయుడుగారు ఒక బస్సు కొని, పొళ్లాచ్చి నుండి పళని వరకు నడుప నారంభించిరి. తిరుపతి తెలుగువారి కెట్టిదో పళని తమిళుల కట్టిది. కొండమీది సుబ్రహ్మణ్యస్వామిని సేవింప యాత్రికులు నిత్యము వచ్చుచుందురు. సుమారు 60 కిలోమీటర్ల దారి. బస్సు యజమాని నాయుడుగారే, డ్రైవరు నాయుడుగారే, చెడినపుడు బాగుచేయువారును వారే.

ఒక్క బస్సుతో బ్రతుకువానికి అది ఒకపూట ఆగినచో ఆ పూట రాబడి లేదు, మరునాడు ప్రయాణికులు లేరు. కావున చెడిన పిదప బాగుచేయుటకంటె చెడకుండ చూచుకొనుటయే లాభము. ఉదయమున బయలుదేరుటకు ముందు రేడియేటరులో నీరు, ఇంజనులో నూనె చూడవలెను. టైర్లలో గాలి తగినంత యున్నదా, ఫ్యాను బెల్టు వదులైనదా యని తడిమి చూడవలెను. చక్రముల బోల్టులు బిగింపవలెను. బ్రేకులను త్రోవలో గాక ముందే పరీక్షింపవలెను. వీనికి పట్టు కాలము ఒక అరగంట. నేడు ఇంటిముంగిట కారు నిలుపుకొనువారును ఈ అరగంట నోపికతో గడపినచో త్రోవప్రక్కన గంటలు గడపు నవసరము పెక్కుసార్లు తప్పును.

ఆ ఒక్క బస్సు కొలది సంవత్సరములలో యూనివర్సల్ మోటార్ సర్వీసు అను పెద్దసంస్థగా పెరిగినది. దేశమునందలి చక్కని బస్సు సంస్థలలో నొకటిగా దానికి పేరు వచ్చినది. తరువాత నాయుడుగారి దృష్టి ఇతర యంత్రములమీదికి మరలినది. 1937లో కోయంబత్తూరు చెంత పీలమేడులోని వారి నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుండి స్వదేశములో తయారైన విద్యుత్ మోటారు వెలువడినది. చిన్న మోటారుతో నడచు క్షౌరయంత్రము, పలుచని బ్లేడ్లు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, ఓట్లు నమోదుచేయు యంత్రము మొదలగునవి వారు రూపొందించిన వస్తువులు. పొలమున ప్రత్తి, బొప్పాయి, మొక్కజొన్నలపై పరిశోధనలు చేసిరి. సర్ సి. వి. రామన్ వంటి శాస్త్రజ్ఞులును, మోక్షగుండం విశ్వేశ్వరయ్యవంటి ఇంజనీర్లును ఆ పొలమును చూడ వచ్చిరి.

తిరుమల ఘాట్ రోడ్డు తెరచిన ఆ 1944లోనే నాయుడుగారు బస్సుల వ్యాపారమునుండి విరమించుకొని, తమ ధనమును విద్యార్థులకును పనివారి క్షేమమునకును వినియోగింప నిశ్చయించిరి. వారి కృషి వలనను, విరాళముల వలనను కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్కును, ఒక ఇంజనీరింగు కళాశాలయు ఏర్పడినవి. రెండింటికిని గవర్నరు ఆర్థర్ హోప్ పేరు పెట్టిరి. 1945లో నాయుడుగారే కళాశాలకు ప్రిన్సిపాలైరి. హోటలులో వడ్డించిన బాలుడు, పట్టమన్నది లేనివాడు, ఇంజనీర్లను తయారుచేయు పీఠముపై కూర్చుండుట ఆ కాలమున సామాన్యవిషయము కాదు.

కాని ఆ పదవి వారికి నిలువలేదు. ఇంజనీరింగు చదువునకు నాలుగేండ్లు అనవసరమనియు, సరిగా నేర్పినచో రెండేండ్లు చాలుననియు వారి వాదము. ప్రభుత్వ మందులకు సమ్మతింపలేదు. వారు పదవిని విడిచిరి. ఈ వివాదమున న్యాయము పూర్తిగా ఒక్క ప్రక్కనే యున్నదని చెప్పరాదు. వంతెన కట్టువానికి గణితము కావలెను, అది రెండేండ్లలో ముగియునది కాదు. అయినను, పుస్తకములోని ఇంజను బొమ్మకు పేర్లు వ్రాయగలిగి, ఎదుటనున్న ఇంజనులో ప్లగ్గు ఎచట నున్నదో చూపలేని విద్యార్థులు నాడును కలరు, నేడును కలరు. నాయుడుగారి కోపము ఆ చదువుమీదనే. వారు పెంచిన కళాశాలయే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా పేరుపొందినది.

1952లో వారు ఇద్దరు కూర్చుండదగిన చిన్న కారును రూపొందించిరి. దాని వెల సుమారు 2,000 రూపాయలు. సామాన్య కుటుంబము కొనదగిన కారు వచ్చుచున్నదని పలువు రాశపడిరి. కాని ఆ కాలమున పెద్ద పరిశ్రమ స్థాపింపవలెననిన కేంద్రప్రభుత్వపు లైసెన్సు కావలెను. ఆ లైసెన్సు లభింపలేదు. కారు తయారీ నిలిచిపోయినది. 1950వ దశకముననే పన్నుల విధానముపై ఆగ్రహించి వారు తమ యంత్రములు కొన్నింటిని బహిరంగముగా పగులగొట్టించిరి. జీవితమంతయు విరిగినవానిని కూర్చిన చేతులు కూర్చినవానిని విరుగగొట్టుట చూచినవారికి బాధ కలిగియుండును. వారి నభిమానించువారు సైతము ఆ పనిని మెచ్చుకొనజాలరు. ఆ కోపము మాత్రము కపటము లేనిది.

వృద్ధాప్యమునను వారి చేతులు ఊరకుండలేదు. 1967లో ఉదయమున పునాదితో మొదలుపెట్టి, సాయంకాలమునకు ఒక ఇంటిని పూర్తిచేయించి చూపిరి. పారిశ్రామిక వస్తుప్రదర్శనశాలను ఏర్పరచి, యంత్రములను బాలురు దగ్గరనుండి చూచునట్లు చేసిరి. 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన పరమపదించిరి.

కోయంబత్తూరునకు పోవువారు నేటికిని వారి పేరిటి ప్రదర్శనశాలను చూడవచ్చును. హోటలు జీతముతో కొని, విప్పి, మరల కూర్చిన ఆ రడ్జ్ మోటారు సైకిలు అచట భద్రముగా నిలిచియున్నది.