విద్యార్థిగా చేరబోయి గురువైన ఫిడేలు నాయుడుగారు

కోనసీమలో శ్రీరామనవమి పందిళ్లలో హరికథ విన్నవారికి ఫిడేలు కొత్త కాదు. దాసుగారు కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి కథ చెబుతుంటే ఒక పక్క మృదంగం, మరో పక్క ఫిడేలు ఉంటాయి. జనం చూపంతా దాసుగారి మీదే. పక్కన ఫిడేలు వాయించినవారి పేరు తెల్లారేసరికి చాలామందికి గుర్తుండదు. అలా పక్కన కూర్చునే వాద్యాన్ని కచేరీ వేదిక నడుమకు తెచ్చినవారిలో అగ్రగణ్యులు కీర్తిశేషులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు.

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగుళూరులో జన్మించారు. పెరిగింది విశాఖపట్నంలో. చిన్ననాటనే చూపు మందగించింది. బడిలో నల్లబల్ల మీది అక్షరాలు కనబడక చదువు సాగలేదని చెబుతారు. ఆ రోజుల్లో చదువు ఆగిన కుర్రవానికి, అందునా చూపు సరిగా లేనివానికి, ముందు దారి ఏముంటుంది? ఇంట్లో అన్నగారికి ఫిడేలు వచ్చు. ఆయన దగ్గరే నాయుడుగారు వాద్యం పట్టారు. కళ్లు చేయలేని పని చెవులు చేశాయి. విన్నదాన్ని మళ్లీ మళ్లీ వాయించి, శ్రుతి కుదిరేదాకా విడిచిపెట్టని సాధన అలవడింది.

1919లో విజయనగరంలో మహారాజా విజయరామ గజపతిరాజుగారు సంగీత పాఠశాల నెలకొల్పారు. ఆస్థాన ఉద్యోగి చాగంటి జోగారావుగారి కుమారుడు అంధుడు. ఆ బాలునికి సంగీతం నేర్పించాలన్న తలంపే పాఠశాలకు మూలమైందని అక్కడివారు చెప్పుకుంటారు. ఒక్క పిల్లవాని కోసం పుట్టిన ఆలోచన ఊరి పిల్లలందరికీ విద్యాలయమైంది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు.

అప్పటికి నాయుడుగారి వయస్సు 26 ఏళ్లు లోపు. నేర్చుకోవలసింది ఇంకా ఎంతో ఉన్నదన్న తలంపుతో విద్యార్థిగా చేరడానికి విజయనగరం వెళ్లారు. దాసుగారు ఆయన వాద్యం విన్నారు. ఈ యువకుడు పాఠం చెప్పించుకోవలసినవాడు కాదు, చెప్పవలసినవాడని గ్రహించారు. విద్యార్థిగా పేరు రాయించుకోవడానికి వెళ్లిన నాయుడుగారు ఫిడేలు ఆచార్యులై నిలిచారు. చూపు సరిగా లేక బడి మానిన వ్యక్తి, చూపు లేని బాలుని నిమిత్తం పుట్టిన బడిలో గురువు కావడం గమనించదగ్గ విషయం. 1936లో ఆయన ఆ కళాశాల అధ్యక్ష పదవిని కూడా చేపట్టారు.

గురువైనా నాయుడుగారిలోని విద్యార్థి మాత్రం పోలేదు. ఫిడేలు మనది కాదు, పడమటి దేశాల నుంచి వచ్చింది. దాన్ని కర్ణాటక సంగీతానికి అలవాటు చేసినవారిలో ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ముఖ్యులు. నాయుడుగారు పాశ్చాత్య విద్వాంసుల వాదనను కూడా శ్రద్ధగా విని, కమాను నడిపే తీరులో పనికివచ్చినదాన్ని గ్రహించారు. రాగం మాత్రం మన గాత్రం లాగే పలికించారు. 1952లో ప్రపంచ ప్రఖ్యాత ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మన దేశానికి వచ్చినప్పుడు, మద్రాసులో జస్టిస్ రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాద్యం విని ముగ్ధులయ్యారు.

బిరుదులు వెతుక్కుంటూ వచ్చాయి. 1941లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ లభించాయి. అయినా జనం నోట ఆయన ఫిడేలు నాయుడుగారే. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు కూడా విజయనగరం కళాశాలలోనే సంగీతం అభ్యసించారు. నాయుడుగారు 1964 నవంబరులో కన్నుమూశారు. 1993లో, ఆయన శత జయంతి సంవత్సరాన, భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.

మన రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు గాత్రంతో పాటు ఫిడేలూ వాయించి దేశాన్ని మెప్పించారు. ఆయనకు తల్లిదండ్రులిద్దరూ సంగీతజ్ఞులు కావడం కలిసివచ్చింది. నాయుడుగారికి అన్నగారు, ఆపైన నారాయణదాసుగారు దొరికారు. ఒక చదువు అబ్బని పిల్లవానికి మరో విద్య అబ్బవచ్చు. కాని ఆ విద్యకు ఒక బడి ఉండాలి. బడి ఉంటే చాలదు, వచ్చినవాని వాద్యాన్ని ఓపికగా వినే పెద్ద ఒకరు ఉండాలి. ఆనాడు దాసుగారు చెవి ఒగ్గి వినకపోతే, విశాఖలో చూపు మందగించిన ఒక యువకుడు ఫిడేలు వాయించేవాడన్న సంగతి ఆ వీధి వారికి తప్ప మరెవరికీ తెలిసేది కాదేమో.