తోలుకు విలువ తెచ్చిన మన జిల్లా శాస్త్రవేత్త

బక్రీద్ నాడు ఖుర్బానీ తోలు మదర్సాకు చేరేసరికి ఎన్ని గంటలు గడిచాయో, దానికి ఉప్పు ఎప్పుడు పట్టించారో చూసుకునేవారు తక్కువ. ఎండ రోజుల్లో కొన్ని గంటల ఆలస్యం చాలు, తోలు కుళ్ళడం మొదలై వెంట్రుక ఊడిపోతుంది. వలిచేటప్పుడు కత్తి జారి గాటు పడినా ధర పడిపోతుంది. ఆ నష్టం చివరకు మదర్సాలోని యతీం పిల్లల మీదే పడుతుంది. ఇంతగా ఎవరికీ పట్టని ఈ తోలు గురించే జీవితమంతా ఆలోచించిన శాస్త్రవేత్త ఒకాయన మన గుంటూరు జిల్లాలోనే పుట్టారు. ఆయన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ.

నాయుడమ్మ అన్నది మన వైపు మగవారికి పెట్టే పేరే. 1922 సెప్టెంబర్ 10న తెనాలి దగ్గర యలవర్రు గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించారు. గుంటూరు ఎ.సి. కళాశాలలో ఇంటర్మీడియట్, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో కెమికల్ టెక్నాలజీ చదివారు. ప్రత్తి, మిరప పండించే జిల్లా నుంచి వచ్చి అంత చదువు చదివినవాడు ఏ నూనె మిల్లులోనో, పంచదార ఫ్యాక్టరీలోనో కుదురుకుంటాడని ఎవరైనా అనుకుంటారు. ఆయన మాత్రం మద్రాసు వెళ్ళి తోళ్ళ పరిశ్రమలో అడుగుపెట్టారు.

అప్పట్లో అది చిన్న సంగతి కాదు. పల్లెల్లో తోలు పని మాదిగవాడలకే పరిమితం. మిగిలినవారు ఆ వాసన వస్తే ముక్కు మూసుకునేవారు, చెప్పులు మాత్రం తొడుక్కునేవారు! వ్యాపారం చాలావరకు ముస్లింల చేతుల్లో ఉండేది. ఆంబూరు, వాణియంబాడి టానరీల యజమానుల్లో ఎక్కువమంది ముస్లింలే. వారికి తరతరాల అనుభవం ఉంది గానీ, ప్రయోగశాలతో పరిచయం లేదు.

నాయుడమ్మ అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది తిరిగి వచ్చారు. మద్రాసు అడయారులోని కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థకు 1958లో డైరెక్టరయ్యారు. పచ్చి తోలులోని మాంసకృత్తుకు చెట్టు బెరడులోని వగరు పదార్థం పట్టుకుంటే అది ఇక కుళ్ళదు. పదును పెట్టడమంటే ఇదే. దక్షిణాదిలో దీనికి తంగేడు చెక్క, కరక్కాయ వాడేవారు. ఆఫ్రికా నుంచి ఓడల్లో వాటిల్ చెక్క కూడా వచ్చేది. మన బీళ్ళలో పచ్చగా పూసే తంగేడుకు ఇంత పని ఉందని ఎందరికి తెలుసు?

అయితే సగం పదును పెట్టిన తోళ్ళు మన రేవుల నుంచి వెళ్ళిపోయేవి. బూట్లూ సంచులూ విదేశాల్లో తయారయ్యేవి. అసలు లాభమంతా అక్కడే మిగిలేది. 1972లో సీతారామయ్య కమిటీ ఈ పద్ధతి మారాలని చెప్పింది. 1973లో ప్రభుత్వం పచ్చి తోళ్ళ ఎగుమతిని నిషేధించి, సగం పదునైనవాటికి పరిమితి పెట్టింది. నాయుడమ్మ అప్పటికి శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి డైరెక్టర్ జనరల్. 1971 నుంచి 1977 వరకు ఆ పదవిలో ఉన్నారు. పద్మశ్రీ కూడా 1971లోనే వచ్చింది. ఇప్పుడు ఆంబూరు నుంచి కుట్టిన బూట్లే విదేశాలకు వెళుతున్నాయి. అదే టానరీల మురుగు పాలారు నదిని పాడు చేసింది. 1996లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. పరిశ్రమ పెరిగిన సంతోషంలో ఈ మాట దాచకూడదు.

పరిశోధన కాగితాల్లో మిగిలిపోతే ఆయనకు తృప్తి ఉండేది కాదు. మండలి అధిపతిగా ఉన్నప్పుడు కరీంనగర్ జిల్లాను ఎంచుకుని, శాస్త్రజ్ఞులను పల్లెల సమస్యల మీదికి నడిపించారు. 1981లో ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఉపకులపతి అయ్యారు. అక్కడ ఎక్కువ కాలం లేరు.

1985 జూన్ 23న ఐర్లండ్ తీరానికి దూరంగా, కెనడా నుంచి వస్తున్న ఎయిర్ ఇండియా కనిష్క విమానం బాంబు పేలి సముద్రంలో కూలింది. అందులోని 329 మందీ మరణించారు. వారిలో డాక్టర్ నాయుడమ్మ ఒకరు. అప్పటికి ఆయన వయసు 62 ఏళ్ళు.