శత్రువుల రాతలో మిగిలిన వీరుడు – హానిబాల్

మధ్యధరా సముద్రపు తూర్పు తీరమున, నేటి లెబనాన్ దేశములో, టైరు అను ప్రాచీన నగరము కలదు. అది ఫినీషియనుల నగరము. దేవదారు కలపను, ఊదారంగు వస్త్రములను ఓడలకెత్తి దూరదేశములకు కొనిపోయిన ఆ జాతివారు 22 అక్షరముల లిపినిగూడ తమవెంట తీసికొనిపోయిరి. దానినుండి గ్రీకు లిపియు, గ్రీకు లిపినుండి రోమను లిపియు పుట్టినవి. టైరువాసులు ఉత్తరాఫ్రికాలో, నేటి ట్యునీసియా తీరమున, స్థాపించిన వలస నగరమే కార్థేజి.

క్రీ.పూ. 247లో కార్థేజి సేనాని హమిల్కార్ బార్కాకు కుమారుడు పుట్టెను. బాల్ దేవుని అనుగ్రహము అను అర్థము వచ్చునట్లు ఆ బాలునకు హానిబాల్ అని పేరిడిరి. రోముతో అప్పుడు జరుగుచున్న యుద్ధములో కార్థేజి 241లో ఓడి సిసిలీని కోల్పోయెను. ఆ నష్టమును పూడ్చుటకై 237లో హమిల్కార్ స్పెయినునకు బయలుదేరునపుడు, తొమ్మిదేండ్ల కుమారునిచేత రోమునకు ఎన్నడును మిత్రుడు కానని ప్రమాణము చేయించెనని చరిత్రకారులు వ్రాసిరి.

221లో హానిబాల్ సేనాధిపతి యయ్యెను. 218లో ఏనుగులతోగూడ ఆల్ప్స్ పర్వతములు దాటి ఇటలీలో దిగెను. చలికిని, ఆకలికిని, కొండజాతుల దాడులకును అతని సైన్యములో పెక్కుమంది నశించిరి. అయినను 216లో కానే రణభూమియందు, తన సేనకంటె ఎంతో పెద్దదైన రోమను సేనను చుట్టుముట్టి ఒక్క దినములో రూపుమాపెను. కాని రోము లొంగలేదు. దాని మిత్రనగరములలో పెక్కు దానిని విడువలేదు. స్వదేశమునుండి హానిబాలునకు తగిన సాయము రాలేదు. పదునైదేండ్లు పరదేశమున పోరాడి 203లో అతడు మరలిపోయెను. 202లో జామా యుద్ధమున సిపియో చేతిలో ఓడెను. రోమునకు 50 ఏండ్లలో 10,000 టాలెంటుల వెండి చెల్లించుటకు కార్థేజి ఒప్పుకొనవలసివచ్చెను.

యుద్ధమున ఓడిన సేనాని పరిపాలనలో తన ప్రజ్ఞ చూపెను. 196లో ప్రధానాధికారియై, ప్రభుత్వధనమును మ్రింగుచున్న ప్రభువర్గమును అరికట్టెను. ప్రజలపై క్రొత్త పన్ను వేయకయే కప్పము చెల్లింపవచ్చునని నిరూపించెను. కోపించిన ప్రభువులు రోమునకు ఫిర్యాదు చేసిరి. 195లో అతడు స్వదేశము విడిచి మొదట మాతృనగరమైన టైరునకు, తరువాత సిరియా రాజు ఆంటియోకసు కొలువునకు, తుదకు బిథినియాకు పోయెను. అచ్చటను రోమనులు వెంబడింపగా, క్రీ.పూ. 183 ప్రాంతమున విషము త్రాగి మరణించెను.

146లో రోమనులు కార్థేజిని నేలమట్టము చేసిరి. అచ్చటి గ్రంథములు చెదరిపోయినవి. ఇటలీలో హెరా దేవి ఆలయమున హానిబాల్ తన సైన్యపు లెక్కలను ఫినీషియను, గ్రీకు భాషలలో కంచుఫలకముపై చెక్కించెను. ఆ ఫలకము నేడు లేదు; దానిని చూచి గ్రీకు చరిత్రకారుడు పొలిబియసు వ్రాసికొనిన అంకెలు మాత్రము నిలిచినవి. ఇటలీ చేరునాటికి హానిబాల్ వెంట మిగిలినవారు 20,000 పదాతులు, 6,000 ఆశ్వికులు అని మనకు తెలియుట అందువలననే. లోకమునకు అక్షరములిచ్చిన జాతి వీరుని కథ, ఆ అక్షరముల సంతతియైన లిపులలోనే, పరుల చేతివ్రాతగా నేటికిని చదువబడుచున్నది.