బిరుదు నొల్లని బిల్ విల్సన్

1954వ సంవత్సరమున అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమువారు విలియం గ్రిఫిత్ విల్సన్‌కు న్యాయశాస్త్రమున గౌరవ డాక్టరు పట్టము నొసగ దలచిరి. పానవ్యసనులను ఆ వ్యసనమునుండి మరలించుటకు ఆయన చేసిన కృషికి అది సత్కారము. యౌవనమున ఆయన బ్రూక్లిన్‌లో రాత్రి తరగతులలో న్యాయశాస్త్రము చదివినవాడే. చదువు సాగుచుండగనే మద్యము పైబడెను; పట్టము చేతికి రాలేదు. నాడు చేజారినది ఇప్పుడు అంతకు మించిన గౌరవముతో తనంత తాను వెదకికొని వచ్చెను. ఆయన కృతజ్ఞత తెలిపి, వలదనెను. పూర్తి పేరు వ్రాయక పొడియక్షరములతోనే యిత్తుమని వారు మరల కోరినను సమ్మతింపలేదు. కీర్తిపై ఆశ లేని విరాగి చేసిన పనియైనచో ఇందు వింత లేదు. విల్సన్ విరాగి కాడు, కీర్తికై అలమటించినవాడు.

ఆయన 1895 నవంబరు 26న వెర్మాంటు రాష్ట్రమందలి ఈస్ట్ డార్సెట్ గ్రామమున, ఒక సత్రములో, పానశాల వెనుకనున్న గదిలో జన్మించెను. తలిదండ్రులు విడిపోగా మాతామహుల యింట పెరిగెను. బూమరాంగు చేయుట ఆస్ట్రేలియావారికి తప్ప అన్యులకు చేతకాదని తాత యొకనాడు అనగా, ఆ బాలుడు నెలల తరబడి కొయ్య చెక్కి, విసరినచో తిరిగి వచ్చుదానిని చేసి చూపెను. అందరికంటె మిన్నగా నుండవలెనను పట్టుదల ఆనాటిదే. 1917లో సైనికోద్యోగిగా నుండి ఒక విందులో తొలిసారి మద్యము పుచ్చుకొనెను. నలుగురిలో తన్ను పీడించు బెరుకు ఆ గ్రుక్కతో తొలగినట్లు తోచెను. 1918లో లోయిస్ బర్న్‌హామ్‌ను పెండ్లాడెను. యుద్ధానంతరము న్యూయార్కు స్టాకు మార్కెట్టులో ధనము గడించి, 1929 నాటి పతనమున పోగొట్టుకొనెను. అటుపిమ్మట భార్య దుకాణమున కొలువు చేసి తెచ్చిన జీతమే ఆధారము. ఆమె సంచిలోని డబ్బులను సైతము ఆయన దొంగిలించి త్రాగెను.

న్యూయార్కులోని టౌన్స్ ఆసుపత్రిలో వైద్యుడు విలియం సిల్క్‌వర్త్ ఆయనకు ఒక క్రొత్త మాట చెప్పెను: ఇది నీతిలోపము మాత్రమే కాదు, రోగమని. 1934లో ఎబీ థాచర్ అను పాతమిత్రుడు, తానును త్రాగి చెడినవాడే, భక్తిమార్గమున బాగుపడి వచ్చి కలిసికొనెను. ఆ డిసెంబరులో విల్సన్ నాలుగవసారి ఆసుపత్రి చేరెను. అచ్చట గదియంతయు వెలుగు నిండిన అనుభవము కలిగెను. అది దైవానుగ్రహమో, మందుల ప్రభావమో యని వాదించువారు కలరు. మరల ఆయన త్రాగలేదన్నది మాత్రము నిర్వివాదము.

తరువాతి నెలలలో కనబడిన త్రాగుబోతు కెల్ల బోధలు చేసెను. ఒక్కడును మానలేదు. 1935 మే నెలలో వ్యాపారపు పనిమీద ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ నగరమునకు పోయెను. పని చెడెను. చేత డబ్బు లేదు. హోటలు వసారాలో ఒంటరిగా పచార్లు చేయుచుండగా ఒక ప్రక్క పానశాలనుండి నవ్వులు వినవచ్చుచుండెను. మరియొక ప్రక్క చర్చీల పట్టిక వ్రేలాడుచుండెను. ఆయన టెలిఫోను నందుకొని ఒక మతాచార్యుని పిలిచెను. తన్ను ఓదార్చువానికై కాదు. తనవలె త్రాగి చెడిన మరియొకనికై అడిగెను. తాను నిలువవలెనన్న అట్టివానితో మాటలాడక తప్పదని ఆ సాయంకాలము ఆయనకు స్ఫురించెను. ఆ జాడ పట్టుకొని పోగా హెన్రియెట్టా సైబర్లింగ్ అను నామె ద్వారా మే 12న రాబర్టు స్మిత్ అను శస్త్రవైద్యుడు దొరకెను. పావుగంట మాత్రమే యుండెదనని వచ్చిన స్మిత్ ఆరు గంటలకు పైగా కూర్చుండెను. విల్సన్ ఈసారి బోధింపలేదు. తన కథ చెప్పుకొనెను. స్మిత్ మధ్యలో ఒకసారి జారినను, జూన్ 10తో ఆయన త్రాగుడు ముగిసెను. ఆ దినమే ఆల్కహాలిక్స్ అనానిమస్, అనగా అజ్ఞాత పానవ్యసనుల సంఘము, పుట్టినరోజైనది. 1950లో మరణించులోపల ఆ వైద్యుడు, సిస్టర్ ఇగ్నేషియా తోడుగా, సుమారు 5000 మందికి రుసుము లేకయే చికిత్స చేసెను. స్నేహితులు పెద్ద స్మారకము కట్టింతుమనగా, అందరివలె ఒక రాయి చాలుననెను.

సంఘమున ఇంటిపేర్లు దాచుట మొదట అపకీర్తికి వెరచియే. 1941లో ఒక వారపత్రిక వ్యాసముతో సభ్యులు ఒక్క యేడాదిలో 2000 నుండి 8000 వరకు పెరిగిరి. అపకీర్తి పోయి కీర్తి వచ్చెను. చిక్కును అచ్చటనే వచ్చెను. ఆ రోజులలో విల్సన్ తన పేరును, బొమ్మను పత్రికల కెక్కనిచ్చెను. అది పొరపాటని తరువాత తానే ఒప్పుకొనెను. పేరు మోసినవాడు మరల త్రాగినచో సంఘమునకే చేటు; అంతకంటె, పొగడ్తయు ఒక మద్యమే యని ఆయనకు తన యనుభవమే చెప్పెను. అందుచేతనే యేల్ పట్టమును కాదనెను. టైమ్ పత్రిక ముఖచిత్రమునకు వీపు త్రిప్పి కూర్చున్నను చాలునని వారడిగినను ఒప్పుకొనలేదు. ఇట్లని ఆయన సర్వమును జయించెనని చెప్పరాదు. ఏండ్ల తరబడి విషాదరోగముతో క్రుంగెను. సిగరెట్టును చాలకాలము విడువలేక ఊపిరితిత్తులు పాడుచేసికొనెను.

1971 జనవరి 24న, తన వివాహము జరిగి సరిగా 53 ఏండ్లు నిండిన నాడు, మయామీలో కన్నుమూసెను. మరణానంతరము పత్రికలు ఆయన పూర్తి పేరును, చేసిన పనిని కలిపి చాటెను. ఈస్ట్ డార్సెట్‌లోని సమాధిపై సంఘము ప్రస్తావనయే లేదు. అయినను వెదకికొని వచ్చువారు కలరు. తాము త్రాగుడు మానిన యేండ్ల సంఖ్య చెక్కిన పతకమును ఆ రాతిపై ఉంచి పోవుదురు. వానిపై ఎవరి పేరును ఉండదు.